చాలమ్మ పేరుకు అర్థం

పుల్లయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "ఇంకోసారి అడుగు నాయనా" అనేవారు. ఆయనకు చెముడనుకుంటే పొరపాటు. పక్కవీధిలో ఎవరైనా పద్యాన్ని యతి తప్పించి చదివితే ఇక్కడి నుంచి కేకేసి దిద్దే చెవులవి. మనిషి మొదటిసారి అడిగేది పదిమందిలో బాగుండే ప్రశ్న, రెండోసారికి గాని అసలుది బయటికి రాదు అని ఆయన అనుభవం. ముప్పయ్యారేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాక, పల్నాటి వైపున్న ఆ చిన్న పట్నంలో, తన ఇంటి వసారాలోనే పొద్దున్నే రెండు గంటలు వ్యాకరణం చెబుతుండేవారు. టీచరు పరీక్షలకు చదివేవాళ్ళు ఏడెనిమిదిమంది చాపల మీద కూర్చుని వినేవారు.

బసవయ్య కూడా ఒకప్పుడు ఆ చాప మీద కూర్చున్నవాడే. మాస్టారి దగ్గర సంధులన్నీ నోటికి పట్టి, మొదటిసారికే పరీక్ష దాటి, నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊరి హైస్కూల్లో తెలుగు మాస్టారయ్యాడు. అయినా గురువును మరవలేదు. బడికి పోయే దారిలో వారానికోసారి వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. ఆ సోమవారం పొద్దున మాత్రం మండిపడుతూ వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు.

"మాస్టారూ, ఒక మాటను వందసార్లు అనుకుంటే అది నిజమైపోతుందా? పోయిన నెల మండలంలోని బడి వంటవాళ్ళందరినీ ఒకచోట పోగేసి, చొక్కాకు మైకు తగిలించుకున్న పెద్దమనిషి ఒకాయన, గుండెల మీద చెయ్యి వేయించి, 'నేను శక్తిని, నేను విజేతను' అని నూటెనిమిదిసార్లు అనిపించాడు. ఇదేం జపమండీ? చేతకానివాళ్ళ చేత చేతనవునని అనిపించడం మోసం కాదా? మీరు అరసున్న తప్పినా ఊరుకోరే, ఇంత పెద్ద అబద్ధాన్ని ఏమంటారు?"

"ఇంకోసారి అడుగు నాయనా" అన్నారు మాస్టారు.

బసవయ్య చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ అడగబోతే ఆ శక్తీ విజేతా నోటికి రాలేదు. కొంతసేపటికి, "నిజం తెలిసిన మనిషికి కూడా నోరెందుకు పెగలదు మాస్టారూ?" అన్నాడు.

"ఎవరి నోరు?"

"మా బడి వంటామె నోరండి" అన్నాడు బసవయ్య. అది నిజమే. కాని నిజమంతా కాదు.

జరిగింది ఇది. ఆ బడిలో పన్నెండేళ్ళుగా పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఒకావిడ. మొన్నటి ముసురుకు బియ్యం బస్తాలున్న గది కారింది. బస్తాలు నాని, బియ్యం ముక్కిపోయాయి. ఆవిడ హెడ్మాస్టరు గదిలోకి వచ్చి, "అయ్యా, ఈ బియ్యం ముక్కినయ్యి, వండొద్దు" అని చెప్పింది. బియ్యం మార్చాలంటే పైకి రాయాలి. పైకి రాస్తే గది ఎందుకు కారిందని పైవాళ్ళు అడుగుతారు. అందుకని ఆయన, "కడిగితే పోద్ది, వండు. నీకేం తెలుసు?" అన్నాడు. మర్నాడు మళ్ళీ చెప్పింది, మళ్ళీ అదే జవాబు. గురువారం నాడు ఇరవై ముగ్గురు పిల్లలు వాంతులు చేసుకున్నారు. అందరూ కోలుకున్నారు, అది ఆ పిల్లల అదృష్టం. ఆ సాయంత్రమే తప్పంతా వంటామెదని బడిలో తేలిపోయింది. ఎవరు తేల్చారని అడక్కండి, ఇలాంటివి మనదేశంలో వాటంతటవే తేలతాయి. చంపదలచిన కుక్కకు ముందు పిచ్చిదని పేరు పెట్టినట్టు, ఆమెకు శుభ్రం లేదన్నారు, అజాగ్రత్త అన్నారు. వచ్చే శుక్రవారం విచారణకు జిల్లా నుంచి అధికారి వస్తున్నారు. అప్పటిదాకా ఆమెను పొయ్యి దగ్గరికి రావద్దన్నారు. ఆ అధికారి ముందు తప్పు తనదేనని కాగితం మీద వేలిముద్ర వేస్తే, జాలిపడి వదిలేయిస్తామని హెడ్మాస్టరు ఆమెకు చెప్పాడు. వేస్తే ఆమె పని పోతుంది. పని ఒక్కటే కాదు, 'పిల్లలకు విషం పెట్టిన మనిషి' అన్న పేరు ఆమె బతికినన్నాళ్ళూ ఆ ఊళ్ళో ఉండిపోతుంది.

"ఒక్క మాట చెబితే చాలండి. 'ముక్కిన బియ్యమని నేను ముందే చెప్పాను' అంటే అయిపోయె. చెప్పలేదు. హెడ్మాస్టరు ముందు నిలబడితే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తుంది. నూటెనిమిదిసార్లు విజేతనని అరిచి వచ్చింది గదా, ఏమైందా బలం?" అన్నాడు బసవయ్య.

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ, "ఆమె పేరేమిటి?" అని అడిగారు.

"చాలమ్మండి."

"ఎన్నో పిల్ల?"

"అయిదో ఆడపిల్లట. పుట్టగానే వాళ్ళ నాయన, ఇక చాలు తల్లీ అని మొక్కి ఆ పేరు పెట్టాడట."

మాస్టారి చెయ్యి తుడవడం ఆపింది. ఆయన ముఖం ఎర్రబడడం బసవయ్య అంతకుముందు రెండుసార్లే చూశాడు. "నువ్వు ఆమెను పేరు పెట్టి పిలుస్తావా?" అని అడిగారు. పిలుస్తానన్నాడు బసవయ్య. "రోజూ?" రోజూ అన్నాడు. "నువ్వు తెలుగు చదువుకున్నావు గదా" అని, ఇంకేమీ అనకుండా, "రేపు తీసుకురా ఆమెను" అని పాఠంలోకి వెళ్ళిపోయారు. బసవయ్యకు ఆ మాటలో తప్పేముందో అర్థం కాలేదు. సైకిలు తొక్కుతూ దారంతా, పేరు పెట్టి పిలవడం కూడా నేరమేనా అని గొణుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే చాలమ్మ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. పొయ్యి సెగకు చేతుల మీద వెంట్రుకన్నది లేకుండా పోయిన మనిషి. చాప మీదికి రమ్మంటే రాలేదు, మెట్టు మీదే ఒక మూలకు ఒదిగింది. మాస్టారు బలవంతపెట్టలేదు. తానే చాప లాక్కుని మెట్టు దగ్గరికి జరిగి కూర్చున్నారు. దాంతో పిల్లలందరూ జరగవలసి వచ్చింది.

"ఆ మైకాయన పాఠం ఎట్లా ఉందమ్మా?" అని అడిగారు.

"బానే ఉందయ్యా. భోజనం గూడా పెట్టారు. అందరం నవ్వుకుంటా అన్నాం. ఇంటికొచ్చేతలికి మా ఇంటాయన, 'ఏమే చాలూ, నీళ్ళు తే' అన్నాడు. ఇంక అది ఆణ్ణే పోయింది" అంది చాలమ్మ.

చాపల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "ఆయన నూటెనిమిదిసార్లు అనిపించాడు. ఈ పేరు నిన్ను ఎన్నిసార్లు అని ఉంటుంది తల్లీ, పుట్టినప్పటినుంచీ?" అన్నారు. ఆమె కొంగు సర్దుకుంది.

"నా పేరు పుల్లయ్య. నాకు ముందు ముగ్గురు పురిట్లోనే పోయారు. నేను పుట్టగానే మా నాయనమ్మ నన్ను తీసుకెళ్ళి ఎంగిలి పుల్లాకుల మీద దొర్లించి ఈ పేరు పెట్టింది. వీడు పనికిరానివాడు, పారేసినవాడు అనుకుని మృత్యువు వదిలేస్తుందని. మావాళ్ళు నా బతుకు కోసం దేవుడితో అబద్ధమాడారమ్మా. నీ దగ్గరికొచ్చేసరికి మీవాళ్ళు నిజమే చెప్పేశారు. నాకు కోపం అందుకు" అన్నారు.  

తరవాత, "నీ దగ్గర ఏదో కాగితం ఉందన్నారే, ఇట్లా ఇవ్వు" అని చెయ్యి చాపారు. ఆమె కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. శుక్రవారం వేలిముద్ర వెయ్యవలసిన కాగితం అదే. చదువు రాని మనిషి గనక, అందులో ఏముందో ఆమెకు తెలియదు. తప్పు ఒప్పుకున్నట్టు రాశారని మాత్రం చెప్పారట. మాస్టారు మొదట లోలోపల చదువుకున్నారు. తరవాత పైకి చదివారు.

"'బియ్యము పాడైనవని నేను ముందుగా గుర్తింపజాలకపోతిని.'"

బసవయ్య వెళ్ళి అరుగు చివర స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మాస్టారు ఎవరివైపూ చూడకుండా, "నాంచారీ, విడదియ్యమ్మా" అన్నారు. నాంచారి ఆ చాపల మీది పిల్లల్లో చురుకైనది. తడుముకోకుండా చెప్పింది. "గుర్తింపన్, చాలక. ద్రుతం మీద పరుషం గనక చకారం జకారమైందండి. గుర్తింపజాలక. అంటే గుర్తించడానికి శక్తి లేక అని అర్థమండి."

"తప్పేమైనా ఉందా?"

"లేదండి. చాలా శుద్ధంగా ఉందండి."

"ఉంది. ఒక్క తప్పుంది. వాక్యంలో కర్త తప్పు" అన్నారు మాస్టారు. తరవాత కాగితం మడిచి ఆమెకు తిరిగి ఇచ్చి, "హెడ్మాస్టరు లెక్కల మనిషి అని విన్నాను. లెక్కలాయనకు ద్రుతం మీద ఇంత పట్టు ఎక్కడిదో" అన్నారు.

ఆ చేతిరాత బసవయ్యది. హెడ్మాస్టరు పిలిచి, "నువ్వైతే చక్కగా రాస్తావయ్యా, పైవాళ్ళు చూసే కాగితం" అనగానే ఇతగాడు కుర్చీ లాక్కుని రాసేశాడు. పాడు రాత రాస్తున్నానని ఒక మూల తెలుస్తూనే ఉంది. అయినా కలం కదిలాక సంధి బాగా కుదిరిందని సంతోషపడ్డాడు. పైగా వేసవిలో బదిలీలు, హెడ్మాస్టరు మంచిమాట కావాలి. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. ఆ వేళ చాలమ్మ వచ్చి బియ్యం ముక్కినయ్యని చెప్పినప్పుడు బసవయ్య ఆ గదిలోనే, ఫ్యాను కింద, హాజరు పట్టీ రాసుకుంటున్నాడు. చెవులారా విన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా పెద్దలు? ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, మైకాయన మోసాన్ని నిలదియ్యడానికి వచ్చినవాడు ఇప్పుడు స్తంభం వెనక్కి జరిగాడు. గురువు చీవాట్లు పెడతారేమోనని చూశాడు. పెట్టి ఉంటే తేలికైపోయేది. ఆయన పెట్టలేదు.

మాస్టారు చాలమ్మ వైపు తిరిగి, "నువ్వు రోజూ ఎంతమందికి వండుతావు?" అని అడిగారు.

"నూట ఎనభై మందికయ్యా."

"అన్నం చాలుతుందా?"

ఆ మాటకు ఆమె తలెత్తింది. "చాలకపోవటమేందయ్యా, చాలుద్ది. పన్నెండేళ్ళలో ఒక్క పిల్లాడు గూడా లేదనిపించుకుని లేవలా" అంది.

"చాలుతుందని ఎవరు చెబుతారు? హెడ్మాస్టరా?"

"ఆయనకేం తెలుద్దయ్యా, ఎసరు చూస్తే నాకే తెలుద్ది."

"చూశారా" అన్నారు మాస్టారు పిల్లలతో. "చాలు అంటే ఇక వద్దు అని అర్థం కాదు. ఆ అర్థం మాటలో లేదు, అన్నవాళ్ళ మొహంలో ఉంది. చాలు అంటే సరిపోవడం. చాలు అంటే సమర్థురాలు కావడం. ఇది మన భాషలో వెయ్యేళ్ళ పాత మాట. చెప్పజాలను అంటే చెప్పలేను, చెప్పజాలుదును అంటే చెప్పగలను. ఆమెను ఊరంతా పగలూ రాత్రీ సమర్థురాలా, సమర్థురాలా అని పిలుస్తూ, అర్థం మాత్రం వేరేది పంపించారు. తెలియనివాళ్ళు అంటే అన్నారు. తెలుగు నేర్పి జీతం తీసుకునేవాడు కూడా అదే అన్నాడు." ఆ చివరిమాటకు ఎవరూ స్తంభం వైపు చూడలేదు, బసవయ్యకు మాత్రం అందరూ చూసినట్టే ఉంది.

తరవాత మాస్టారు ఇంట్లోంచి ఒక చేటలో కందులు తెప్పించి చాలమ్మ ముందు పెట్టారు. "ఊరికే కూర్చుంటే నీకు తోచదు. ఇవి ఏరుతూ ఉండు. ఏరుతూ ఒక మాట అను. నీ మాటల్లోనే అను. చెప్పడానికి నేను చాలు అను" అన్నారు. ఆమె మొదట, అట్లాంటియి నాకెట్లా వస్తయ్యయ్యా అంది. మాస్టారు, "నువ్వు విజేతవో కాదో నాకు తెలియదు, నీకూ తెలియదు. అది అనొద్దు. ముక్కిన బియ్యం సంగతి నీకు తెలుసా తెలియదా?" అన్నారు. తెలుసంది. "ముందే చెప్పావా లేదా?" చెప్పానంది. "అయితే చెప్పడానికి నువ్వు చాలు. ఇందులో అబద్ధం ఎక్కడుంది?" అన్నారు.

ఆ రోజు మంగళవారం. చాలమ్మ చేటలో రాళ్ళు ఏరుతూ, పెదవుల మధ్యే ఆ మాట అనుకుంది. కాసేపటికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. మాస్టారు మధ్యమధ్య పాఠం ఆపి, "ఎవరు చాలు?" అనేవారు. "నేను" అనేది ఆమె, దొంగతనం ఒప్పుకుంటున్న గొంతుతో. బుధవారం ఆమెకు నవ్వొచ్చింది. నాంచారి ఆమె పక్కన చేరి కందులు ఏరుతూ, "ఎవరు చాలు పిన్నీ?" అని ఆటపట్టించింది. ఇద్దరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మాస్టారు కూడా ఆ పూట పాఠం సగమే చెప్పారు. ఇదంతా రోజూ వచ్చి చూస్తున్న బసవయ్యకు లోపల మాత్రం నమ్మకం కుదరలేదు. కందులు ఏరితే ధైర్యం వస్తుందా అనుకున్నాడు. అట్లా అనుకోవడమే అతనికి సుఖంగా ఉంది. ఆమె నోరు విప్పితే తన సంగతేమిటన్న భయం ఆ సుఖం అడుగున ఉంది.

గురువారం సంగతి వేరు. మాస్టారు మామూలుగా, "ఎవరు చాలు?" అన్నారు. చాలమ్మ చేట పక్కన పెట్టేసింది.

"ఎన్నిసార్లు అడుగుతారయ్యా? నేనే. నేను చెప్పలా? రెండు దినాలు చెప్పా. పిల్లలు నా కళ్ళ ముందు కక్కుకుంటా ఉంటే, నా కొంగుతో తుడిచా. నేను పెట్టానంటారా విషం? ముక్కిన బియ్యం తెలవకపోతే నాకింకేం తెలుద్ది?" అంది. ఆమె గొంతు వీధిలోకి వినబడింది. పాలు తెచ్చిన మనిషి గేటు దగ్గరే ఆగిపోయాడు. మాట పూర్తయ్యాక తనే భయపడి, "తప్పయితే మన్నించండయ్యా" అంది.

మాస్టారు ఆ చేటను చేతిలోకి తీసుకున్నారు. "ఇక అనక్కర్లేదమ్మా. మూడు రోజులు ఆ మాటను నీ వెంట నడిపించుకొచ్చావు. ఇవాళ అదే ముందు నడిచింది. ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకో" అని పంపించారు.

శుక్రవారం పదిగంటలకు విచారణ. హెడ్మాస్టరు గదిలో జిల్లా నుంచి వచ్చిన అధికారిణి, హెడ్మాస్టరు, తల్లిదండ్రుల కమిటీ వాళ్ళు ఇద్దరు, రాసుకోవడానికని బసవయ్య. చాలమ్మను పిలిచి బల్లకు ఇవతల నిలబెట్టారు. కుర్చీ ఉంది గాని ఎవరూ కూర్చోమనలేదు. హెడ్మాస్టరు ఆమె చేతిలోని కాగితం తీసుకుని విప్పి, సిరాపెట్టె మూత తీసి ముందుకు జరుపుతూ, "ఆమెకేం తెలియదు మేడం, అమాయకురాలు. తప్పు ఒప్పుకుంది. వేలిముద్ర వేసేస్తుంది" అన్నాడు. దయగలవాడి గొంతు అది. ఈ దేశంలో బీదవాళ్ళకు జరిగిన అన్యాయాల్లో సగం ఆ గొంతుతోనే జరిగాయి.

అధికారిణి కాగితం చదివి, "గుర్తింపజాలకపోతిని" అని ఆగి, "ఇది నీ మాటేనా అమ్మా?" అని అడిగింది.

"నాకంత తెలుగు రాదమ్మా. నేను వెయ్యను" అంది చాలమ్మ. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది.  ముసురు వెలిసిన రోజు చెప్పానంది, మర్నాడూ చెప్పానంది. "కడిగి వండు, నీకేం తెలుసు అన్నారు. ఈ సారే అన్నారు" అని హెడ్మాస్టరును చూపించింది.

హెడ్మాస్టరు లేచి నిలబడ్డాడు. "అబద్ధం మేడం. ఎవరో ఎక్కించి పంపారు. ఎప్పుడు చెప్పిందో, ఎవరు విన్నారో అడగండి" అన్నాడు.

"విన్నవాళ్ళు ఉన్నారా?" అని అడిగింది అధికారిణి గదినంతా కలయజూస్తూ.

బసవయ్య చేతిలో కలం ఉంది. ముందు తెల్లకాగితం ఉంది. గొంతులో మాట కూడా ఉంది. 'విన్నాను' అన్న మూడక్షరాలు, ఒక సంధి లేదు, ఒక సమాసం లేదు. ఆ ఫ్యాను అదే, ఆ కుర్చీ అదే. చాలమ్మ తన వైపు చూస్తుందేమోనని భయపడ్డాడు. చూస్తే చెప్పక తప్పదు అనుకున్నాడు. ఆమె చూస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె చూడలేదు. కమిటీ వాళ్ళలో ఒకడు దగ్గాడు. బసవయ్య తల వంచి, తెల్లకాగితం పైన తేదీ వేశాడు.

"ఎవరూ అక్కర్లేదమ్మా, చెప్పడానికి నేను చాలు. లేచి రండి, చూపిస్తా" అంది చాలమ్మ.

అధికారిణి లేచింది. ఆమె వెనక అందరూ లేచారు. బియ్యం గదిలో ముందువరస నిండా కొత్త బస్తాలు పేర్చి ఉన్నాయి. చాలమ్మ వాటిని తోసుకుని వెనకవరస దగ్గరికి వెళ్ళి, గోడకు ఆనిన బస్తా మూతి కుట్టు లాగేసి, గుప్పెడు తీసి అధికారిణి ముక్కు దగ్గర పెట్టింది. ఆవిడ మొహం తిప్పుకుంది.  వేలిముద్ర కాగితాన్ని అధికారిణి తన ఫైల్లో పెట్టుకుంది. హెడ్మాస్టరుకు సంజాయిషీ నోటీసు వచ్చింది, సోమవారం నుంచి చాలమ్మ మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఊళ్ళో జనం ఆమెను తిట్టిన నోళ్ళతోనే, మేం ముందే అనుకున్నాం అన్నారు. అదొక సిగ్గులేనితనం, దాని గురించి ఎంత చెప్పినా తక్కువే.

విచారణ అయిన మర్నాడు, శనివారం పొద్దున, బసవయ్య వసారాకు వచ్చాడు. రెండు రోజులకే పదేళ్ళు మీదపడ్డట్టున్నాడు. మాస్టారు పిల్లలకు ఏదో పద్యానికి అన్వయం రాయమని ఇచ్చి, ఒక్కరే కూర్చుని ఉన్నారు. బసవయ్య జరిగిందంతా చెప్పాడు. కాగితం తానే రాశానన్నాడు, ఆ రోజు ఆ గదిలోనే ఉండి విన్నానన్నాడు, నిన్న అడిగినప్పుడు తేదీ వేసుకుంటూ కూర్చున్నానన్నాడు. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ మాస్టారు అతని ముఖమే చూస్తున్నారు. ఓదార్చలేదు, కసరలేదు.

"ఆమె ఒక్కసారి నావైపు చూడను కూడా చూడలేదు మాస్టారూ. ఆ బళ్ళో నేనొకణ్ణి ఉన్నానని ఆమె లెక్కలో లేదు" అన్నాడు. తరవాత, "వేలిముద్ర మనిషికి మూడు రోజుల్లో వచ్చిన నోరు, ఇన్నేళ్ళు చదివి చదువు చెబుతున్న నాకెందుకు రాలేదు?" అన్నాడు.

మాస్టారు ఈసారి చెవి వెనక చెయ్యి పెట్టుకోలేదు.

"'నాకెందుకు' అన్నావే. ఆ మాటను ఎన్నేళ్ళ నుంచి జపిస్తున్నావు, బసవయ్యా?"